సెంటు పెరడు, 30 ఇళ్ళు, ఒక బడి: ప్లాన్ ఇదీ, తప్పులు పట్టండి

సంఘం_పద్దు
అందరికీ నమస్కారం. కదిరి వైపు మూడు డ్వాక్రా సంఘాల్లో కలిపి 30 ఇళ్ళకు పెరటి తోటలు, అదే ఊళ్ళో యూపీ స్కూల్లో ఒక తోట వేయించాలని ప్లాన్ రాస్తున్నాం. ఇంటికి ఒక సెంటు. ఎర్ర గరప నేల. పంచాయతీ కొళాయి రోజు విడిచి రోజు వస్తుంది. ప్రస్తుతం కాగితం మీద ఉన్నవి:

- అడుగు ఎత్తున మడులు
- జూన్‌లో ఇంటికొక కిట్, అందులో 12 రకాల హైబ్రిడ్ విత్తనాలు
- ఇంటింటికీ పెంట తోలించడం (పచ్చిదైనా పర్లేదంటున్నారు)
- మధ్యాహ్న భోజనానికి కూరగాయలన్నీ బడి తోట నుంచే
- లక్ష్యం: "ఆకలి లేని ఊరు"

మొహమాటపడకుండా చెప్పండి.

పళ్ళెం_లెక్క
చివరి లైనుతో మొదలుపెడతాను, ఎందుకంటే మిగతా తప్పులన్నీ అక్కడి నుంచే పుట్టాయి.

రేషన్ మనిషికి నెలకు 5 కిలోలు. రోజుకు పడేది 167 గ్రాములు, అంటే సుమారు 580 కేలరీలు. ఒక మాదిరి శ్రమ చేసే ఆడమనిషికి 2,130 కావాలని జాతీయ పోషకాహార సంస్థ లెక్క. నాలుగో వంతు కంటే కాస్త ఎక్కువ వస్తోంది, మిగతాది కొనుక్కోవాలి. ఆ లోటు తోటకూరతో పూడదు. 100 గ్రాముల ఆకుకూరలో 25 నుంచి 40 కేలరీలే ఉంటాయి. కడుపు నిండటం వేరు, ఒంటికి పట్టడం వేరు. పెరడు పని చేసేది రెండోదానికి.

ఇప్పుడు సెంటు లెక్క. సెంటు అంటే 40 చదరపు మీటర్లు. దారులు, పాదులు, గట్లు పోగా 3 చ.మీ. మడులు ఏడు వస్తాయి, మొత్తం 21 చ.మీ. బాగా చూసుకుంటే చ.మీ.కు ఏడాదికి 6-7 కిలోలు అనుకోండి. 130-150 కిలోలు. రోజుకు 400 గ్రాములకు అటూ ఇటూ. మనిషికి రోజుకు 400 గ్రాముల కూరలు కావాలి, అందులో 100 గ్రాములు ఆకుకూర. నలుగురున్న ఇంటికి మీ సెంటు సరిగ్గా ఆకుకూర మాత్రమే తీరుస్తుంది.

అది తక్కువేం కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో అయిదేళ్ళలోపు పిల్లల్లో 63.2 శాతం మందికి రక్తహీనత ఉంది, తెలంగాణలో 70 శాతం. బియ్యం దొరుకుతున్నా పళ్ళెంలో పప్పు, ఆకు, గుడ్డు తగినంత లేకపోవడం దానికి ఒక కారణం. కాబట్టి లక్ష్యం ఇలా మార్చండి: "ప్రతి ఇంట్లో ప్రతిరోజూ నాలుగు గుప్పెళ్ళ ఆకుకూర, పిల్లల పళ్ళెంలో ముందుగా". దీన్ని కొలవొచ్చు. "ఆకలి లేని ఊరు"ను ఎవరూ కొలవలేరు.

మడి_గట్టు
పళ్ళెం గారు చెప్పింది అక్షరాలా నిజం. ఇక నేల సంగతి.

ఎర్ర గరపలో అడుగు ఎత్తు మడి ఎవరు చెప్పారండీ? ఎత్తు మడి నల్లరేగడికి, కోనసీమ లాంటి నీరు నిలిచే చోటుకి. మీ నేలలో పోసిన నీళ్ళు గంటలో దిగిపోతాయి, గాలికి అంచులు ఎండి మడి పక్కలకు జారిపోతుంది. మీకు కావాల్సింది పల్లపు మడి. మీటరు వెడల్పు, మూడు మీటర్ల పొడవు, చుట్టూ జానెడు గట్టు, లోపల నేల దారి కంటే నాలుగు వేళ్ళు కిందకు. వెడల్పు మీటరు దాటకూడదు. దాటితే నడుమ కలుపు తీయడానికి మడిలో కాలు పెడతారు, నేల గట్టిపడుతుంది.

పచ్చి పెంట వద్దే వద్దు. వేరు పురుగు, కలుపు విత్తనాలు, ఎర్ర నేలల్లో చెదలు, మూడూ దాంతోనే దిగుతాయి. ఆరు నెలలు చివికి, చేత్తో నలిపితే పొడి అయి, వాసన లేకుండా ఉన్నదే తీసుకోండి. సెంటుకు 100 కిలోలు, అంటే మడికి రెండు గంపలు, మిగతాది పాదులకు. దాంతో పాటు వేపపిండి. మడికి పిడికెడు అనుకునేరు, 300 గ్రాములు వేయాలి.

సంఘం_పద్దు
పెంట ఇప్పటికే చెప్పేశాం... ఆపించి, ఏప్రిల్‌లోనే తోలించి ఊరి బయట కుప్ప వేయిస్తే జూన్‌కు పనికొస్తుందా?

మడి_గట్టు
జూన్‌కు సగమే చివుకుతుంది. కుప్ప పెద్దదిగా కాకుండా నడుము ఎత్తుకు వేసి, తడిపి, తాటాకో పాత పట్టాలో కప్పి, 15 రోజులకోసారి తిరగేయించండి. చెయ్యి పెడితే వేడి తగలకపోతే అయిపోయినట్టు. అప్పటికీ వేడిగా ఉంటే మడులకు వద్దు, తీగ పాదుల అడుగున వేసి పైన జానెడు మట్టి కప్పండి. గుమ్మడి, సొర తట్టుకుంటాయి. తోటకూర తట్టుకోదు.

నూతిగిలక
నీళ్ళ గురించి ఎవరూ అడగలేదేం? పెరటి తోటలు జూన్‌లో పుట్టి ఫిబ్రవరిలో చచ్చిపోయేది దీనివల్లే. కిట్ పంచిన ఫోటోలు అన్నీ జూన్‌వే ఎందుకుంటాయో ఆలోచించండి.

ఎండాకాలం చ.మీ.కు రోజుకు 5 లీటర్లు. 21 చ.మీ.కు 105 లీటర్లు, మీ బిందె 15 లీటర్లయితే ఏడు బిందెలు. రోజు విడిచి రోజు వచ్చే కొళాయి నుంచి తాగడానికి, వంటకి పోగా ఏడు బిందెలు ఎవరు మోస్తారు? ఇంటి ఆడమనిషే కదా. ఆమె పోషణ కోసం పెట్టిన తోట ఆమె నడుం విరిచేలా ఉండకూడదు. రెండు పనులు చేయండి.

ఒకటి, స్నానాల నీళ్ళు. నలుగురికి 60-80 లీటర్లు వస్తాయి. జాలాడి (స్నానాల గచ్చు) కాలవ చివర రెండడుగుల లోతు తొట్టి, అడుగున కంకర, మధ్యలో బొగ్గు, పైన ముతక ఇసుక. అక్కడి నుంచి అరటి, బొప్పాయి, మునగ పాదులకు. ఇసుక పైపొర నెలకోసారి గీకి పారేయాలి, లేకపోతే జిడ్డు కట్టి నీళ్ళు నిలిచి దోమలు. బట్టల సబ్బు పొడి నీళ్ళు ఇందులోకి రానివ్వద్దు, ఆ ఉప్పుకి నేల పైన పెచ్చు కడుతుంది, అరటాకు అంచులు మాడతాయి. ఈ నీళ్ళు ఆకుకూరలకు, కొత్తిమీరకు పోయించవద్దు.

రెండు, కుండ పద్ధతి. మెరుగు పెట్టని మట్టి కుండ, 6-8 లీటర్లది, మెడ దాకా పాతి నీళ్ళు నింపి మూత పెట్టండి. చుట్టూ జానెడు దూరంలో నాలుగు మొక్కలు: వంగ, టమాట, బెండ, లేదా సొర పాది. గరప నేలలో తడి పక్కలకు జానెడు, జానెడున్నర కంటే పోదు, అందుకే దూరం పెట్టకూడదు. మూడు రోజులకోసారి నింపితే చాలు. మీ నీళ్ళలో ఉప్పు ఉంటే రెండు పంటలయ్యాక కుండ రంధ్రాలు పూడుకుంటాయి, తీసి కొబ్బరి పీచుతో రుద్ది ఎండలో పెట్టాలి. కుమ్మరి దగ్గర పొట్టు ఎక్కువ కలిపి కాల్చమని చెప్పి చేయించండి, బాగా ఊరుతుంది.

మార్చి నుంచి జూన్ దాకా ఏడు మడులూ నడపాలనుకోవద్దు. రెండే మడులు ఉంచి మిగతావాటి మీద వేరుశనగ పొట్టు, ఎండాకు మూడు అంగుళాలు కప్పేయండి.

బళ్ళోమొక్క
బడి తోట ముక్క నాది.

ప్రాథమిక తరగతుల పిల్లకు భోజనంలో రోజుకు 50 గ్రాముల కూరగాయలు, 6-8 తరగతులకు 75 గ్రాములు. వందమంది చిన్నపిల్లలకే రోజుకు 5 కిలోలు. సెంటు తోట ఏడాదికి 150 కిలోలిస్తే ముప్పై రోజుల కూర. అంటే వారానికి ఒకరోజు కూడా పూర్తిగా రాదు. "అన్నీ బడి తోట నుంచే" అని రాస్తే రెండో నెలలోనే వంట చేసే అమ్మలతో గొడవ. అందులో ఆకుకూర, కరివేపాకు, మునగాకు, నిమ్మ వేయండి. పప్పులో పడేవన్నమాట. మిగతాది బజారు నుంచే.

బడి తోట అసలు పని పంట కాదు, నారు, పాఠం. 30 ఇళ్ళకు కావాల్సిన వంగ, టమాట, మిరప నారు బడిలో పోయించండి. నారుమడి పాఠంలో గణితం దానంతటదే వస్తుంది: మడి వైశాల్యం, వరుసకు ఎన్ని మొక్కలు, మొలక శాతం. తడి గుడ్డలో 50 గింజలు చుట్టి పెట్టి మొలకలు వచ్చాక లెక్కపెట్టిస్తే పిల్లలు శాతం లెక్క ఇక జన్మలో మర్చిపోరు. కోసిన ప్రతిసారీ తూకం వేసి రిజిస్టరులో రాయించాలి. బరువు రాయని తోటకు జవాబుదారీ ఉండదు.

క్యాలెండరు తప్పితే అంతా పోతుంది. బడి జూన్ రెండో వారంలో తెరుస్తారు, ఏప్రిల్ చివర్లో మూస్తారు. మార్చి తర్వాత కొత్తగా ఏమీ వేయవద్దు. సెలవుల్లో మడులు బాగా తడిపి పారదర్శకమైన ప్లాస్టిక్ పట్టా పరిచి, అంచులు మట్టితో మూసి, మే ఎండకు నాలుగైదు వారాలు వదిలేస్తే కలుపు గింజలు, నేలలోని నులిపురుగులు చాలా వరకు చస్తాయి. దసరా, సంక్రాంతి సెలవులకు నీళ్ళ వంతులు ముందే రాసి పెట్టాలి.

కంచెకు పాలు కారే జెముడు మొక్కలు బళ్ళో వద్దు. ఆ పాలు కంట్లో పడితే చాలా ప్రమాదం.

పళ్ళెం_లెక్క
బళ్ళోమొక్క గారు, ఒకటి చేర్చండి. పొలంలో వాడిన పురుగుమందు డబ్బాలు కడిగి నీళ్ళు పోయడానికి బడికి తెస్తారు. 2013 జులైలో బీహార్ సారణ్ జిల్లాలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు కలిసింది. బడి ఆవరణలోకి ఆ డబ్బా రాకూడదు, ఖాళీదైనా సరే. మిగిలిన మందు పెరట్లో "ఒక్కసారికేం కాదులే" అని కొట్టడం కూడా అంతే. ఆకుకూర రేపే కోస్తారు.

విత్తులదొంతి
జహీరాబాద్ దిక్కు నుంచి రాస్తున్న. మీ కిట్‌ల హైబ్రిడ్ ఎందుకు? ఒక్క పంట అయితది, మళ్ళ జూన్‌ల ఎవరి ముంగట నిలబడాలె? పస్తాపూర్ డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు 1980ల నుంచి ఇదే మాట చెప్తున్నయి. విత్తనం ఇంట్ల ఉంటెనే పంట మన చేతిల ఉన్నట్టు. ఊరి విత్తన బ్యాంకుల నుంచి తీసుకున్నోళ్ళు పంట వచ్చినంక ఎక్కువ కలిపి తిరిగిస్తరు. మీ 30 ఇండ్లకు అట్లనే పెట్టున్రి, ఇంటికి ఒక్కో రకం బాధ్యత.

ఏది దాచుడు సులువు: పుంటికూర (మీ గోంగూర), తోటకూర, బొబ్బర్లు, చిక్కుడు, టమాట. ఏది కష్టం: సొర, బీర, గుమ్మడి, కాకర. ఇవి పక్క పెరటి పువ్వుతోని కలుస్తయి. సొరలో ఒక్క సంగతి జాగ్రత్త, కాయ ఒక్క ముక్క నాలిక మీద పెట్టి చూసి చేదుంటె పారెయ్యాలె. ఉడకవెడితె పోతదనుకుంటరు, పోదు. వాంతులు, విరేచనాలు అయితయి. ఆ తీగ విత్తనం అస్సలు దాయొద్దు.

దాచే పద్ధతి: బీరకాయ తీగ మీదనే ఎండి గలగలమనాలె. టమాట గుజ్జు ఒకటి రెండు రోజులు పులియవెట్టి కడగాలె, వంకాయ పసుపు రంగు తిరిగేదాంక ఉంచాలె. నీడకు ఆరవెట్టి, పంటితో కొరికితే పటుక్కున విరిగినంకనే డబ్బల పొయ్యాలె. బూడిద, ఎండిన వేపాకు కలిపి మూత గట్టిగ పెట్టున్రి. మెత్తగ వంగే గింజ దాస్తె బూజు పడుతది, ఇంతే.

ఇంకోటి. నాటకుండనే వచ్చే కూరలు మీ లిస్ట్‌ల లెవ్వు. గంగవాయిల కూర, పొన్నగంటి, గలిజేరు, దొగ్గలి కూర. కలుపు అని పీకి పారేసేది సగం కూరనే. రోడ్డు పక్కన, మురికి కాల్వ ఒడ్డున ఉన్నది మాత్రం తెంపొద్దు.

సంఘం_పద్దు
ఇది చాలా ఉపయోగం. గంగవాయిలి అంటే మా దగ్గర పాయలకూర అనుకుంటా. ఏడు మడుల్లో ఏవి, ఎంత విత్తనం? హైబ్రిడ్ మానేస్తే ఎంత తక్కువకు వస్తుందో చూడాలి.

మడి_గట్టు
3 చ.మీ. మడికి: తోటకూర 2-3 గ్రాములు, పాలకూర 10, గోంగూర 6, మెంతి 30. బెండ అయితే రెండు వరుసలు, జానెడున్నరకు ఒక గుంట, 20 గుంటలు, గుంటకు రెండు గింజలు, రాత్రంతా నానబెట్టి.

తోటకూర గింజ ఇసుకలో కలిపి చల్లండి, అయిదింతల ఇసుక. కలపకపోతే ఒకచోట గుబురు, ఒకచోట బట్టతల. చల్లాక అదే రాత్రి చీమలు మోసుకుపోతాయి, "మొలకెత్తలేదు, విత్తనం నాసి" అని తిట్టేది సగం సార్లు చీమల పనే. మడి గట్టు చుట్టూ బియ్యపు నూక చల్లండి, అవి దాని మీద పడతాయి. పైన పలుచగా గడ్డి కప్పి, మూడో రోజు సాయంత్రం తీసేయాలి. ఇంకో రోజు ఆలస్యమైతే మొలకలు పాలిపోయి పడుకుంటాయి.

అన్ని మడులూ ఒకేరోజు వేయొద్దు. ఇదే అందరూ చేసే తప్పు. నెల తర్వాత ఒక వారం పాటు కూర తినలేక పంచుతారు, తర్వాత మూడు వారాలు ఏమీ ఉండదు. ఆకుకూర మడులు నాలుగు పెట్టి వారానికొకటి చల్లండి. 25-30 రోజులకు మొదటిది కోతకొస్తుంది, కోసిన మడిలో వెంటనే వేరే కూర చల్లాలి. మిగతా మూడింట్లో బెండ, వంగ-టమాట-మిరప కలిపి, బొబ్బర్లు లేదా గోరుచిక్కుడు.

తీగ పాదులు మృగశిరలో, మొదటి వానలు పడగానే. మూరెడు గొయ్యి, చివికిన ఎరువు ఒక గంప. మూడు గింజలు వేసి రెండు ఉంచాలి. పందిరికి కర్రలు లేనివాళ్ళు ఇంటి కప్పు మీదికి ఎక్కించండి, సొర, గుమ్మడి అక్కడే బాగా కాస్తాయి.

పందిరి చిక్కుడు ఉగాదికి వేయకండి. పగలు చిన్నదైతేనే పూసే మొక్క అది. ముందు వేస్తే ఇల్లంతా అల్లుకుంటుంది, ఒక్క కాయ రాదు. జులై-ఆగస్టులో వేస్తే కార్తీకానికి కాపు.

కొత్తపాది
సొర పిందెలు వేలెడంతయ్యి పసుపెక్కి రాలిపోతున్నాయి. ఎరువు తక్కువా?

మడి_గట్టు
ఎరువు కాదు, పుప్పొడి అందలేదు. సొర, బీర పువ్వులు సాయంత్రం విచ్చుకుంటాయి, మీరు పొద్దున చూస్తుంటారు. పొద్దుగూకే వేళ మగ పువ్వు (వెనక పిందె ఉండదు) కోసి, రేకులు తీసి, ఆడ పువ్వు నడుమ మెల్లగా రాయండి. గుమ్మడికి ఇదే పని పొద్దున తొమ్మిదిలోపు. మొదటి పది పన్నెండు రోజులు మగ పువ్వులే వస్తే కంగారు పడొద్దు. పిందె మీద సూది గుచ్చినట్టు మచ్చ ఉండి లోపల పురుగులుంటే అది పండు ఈగ. రాలినవి ఏరి రెండడుగుల లోతున పాతిపెట్టాలి. పెంటకుప్పలో వేస్తే ఈగల్ని పెంచినట్టే.

నూతిగిలక
చిన్న చేర్పు. పురుగుమందులకు బదులు పది లీటర్ల నీళ్ళకు అర కిలో నూరిన వేపాకు, అర లీటరు గోమూత్రం, 200 గ్రాముల పేడ, 24 గంటలు నీడలో, వడగట్టి చల్లడం. పేనుబంకకు, తెల్లదోమకు మొదట్లో ఇది చాలు. అయితే బెండాకు ఈనెలు పసుపెక్కితే మాత్రం (పల్లాకు తెగులు) ఏ కషాయమూ పనిచేయదు. ఆ మొక్క పీకేయండి. దీన్ని తట్టుకునేలా తెచ్చిన అర్క అనామిక రకానికి కూడా ఇప్పుడు చాలాచోట్ల ఈ తెగులు వస్తోంది. అయితే అది హైబ్రిడ్ కాదు, విత్తనం దాచుకోవచ్చు.

మేకలు, కోళ్ళు మర్చిపోయారు. 30 తోటల్లో పది పోయేది వీటికే. రేగు కంప మూడడుగులు, మొలకల మీద పాత చీర.

పళ్ళెం_లెక్క
తోట బాగా కాసినా పిల్ల ఒంటికి పట్టకపోవచ్చు, దానికి కారణాలు వంటింట్లో ఉన్నాయి. సంఘం మీటింగులో చెప్పాల్సిన పాఠం ఇదీ:

ఆకు కడిగాక తరగాలి, తరిగాక కడిగితే సారం నీళ్ళలో పోతుంది. ఉడికిన నీళ్ళు పారబోయకూడదు, పప్పులోకే. మునగాకు, తోటకూరల్లోని విటమిన్ ఏ ఒంటికి ఎక్కాలంటే నూనె ఉండాలి, పిల్ల ముద్దలో చెంచాడు. ఆకుకూరలో ఐరన్ ఒంటికి పట్టేది చాలా కొంచెం, పాలకూరలో మరీ తక్కువ. తినేటప్పుడు నిమ్మరసం పిండితే మెరుగవుతుంది, భోజనం వెంట టీ తాగితే ఉన్నదీ పోతుంది, గంట ఆగాలి.

అందుకే "తోట వచ్చింది, ఐరన్ మాత్ర మానేద్దాం" అనే మాట ఎక్కడా రానివ్వద్దు. గర్భిణికి రోజుకొక మాత్ర చొప్పున 180 రోజులు, బడిలో వారానికొకటి, నులిపురుగుల మాత్ర ఏడాదికి రెండుసార్లు, అవి మామూలుగా నడవాలి. కడుపులో నులిపురుగులున్న పిల్లకు ఎంత కూర పెట్టినా పురుగులకే.

కేలరీలు కూడా కావాలంటే ఒక మూల చిలగడదుంప వేయండి. జానెడున్నర తీగ ముక్కలు, రెండడుగుల ఎడం బోదెల మీద. నాలుగు నెలలకు తవ్వొచ్చు. నారింజ గుజ్జు రకం, భూ సోనా లాంటిది దొరికితే విటమిన్ ఏ కూడా. దుంప బయటికి కనపడకుండా మట్టి ఎగదోయకపోతే ముక్కు పురుగు దిగి దుంప చేదవుతుంది.

బళ్ళోమొక్క
ఇంట్లో ఎవరు ఎప్పుడు తింటారన్నది కూడా రాయించండి. చాలా ఇళ్ళలో కూర చివరికి మిగిలేది ఆమెకు, కొన్నిసార్లు అడుగంటిన చట్టి మాత్రమే. రిజిస్టరులో రెండే గడులు చాలు: ఈరోజు కోసింది ఎంత, ఇంట్లో ఎవరెవరు తిన్నారు. 5వ తరగతి పిల్ల వాళ్ళింటి లెక్క తనే రాయగలదు.

సంఘం_పద్దు
సరే, మార్చిన ప్లాన్: పల్లపు మడులు ఏడు, ఎండాకాలం రెండే. ఎరువు ఇప్పుడే కుప్ప వేయిస్తున్నాం. ఇంటికి మూడు కుండలు, జాలాడి దగ్గర ఇసుక తొట్టి. బడిలో నారు, ఇళ్ళకు విత్తనం బాధ్యతలు. మధ్యాహ్న భోజనానికి ఆకు, కరివేపాకు, నిమ్మ మాత్రమే. చెట్లు ఇంటికి మునగ ఒకటి, కరివేపాకు ఒకటి, బొప్పాయి ఒకటి. సరిపోతుందా?

మడి_గట్టు
నాటు బొప్పాయి ఒకటి నాటితే మగది తగలొచ్చు, కాయ ఉండదు. ఒక్కో గుంతలో మూడు నాటి, పూత వచ్చాక ఆడది ఉంచి మిగతావి పీకేయండి. ఊళ్ళో ఎక్కడో ఒక మగ చెట్టు ఉండాలి, అన్నీ పీకేయకండి. మునగ మూడడుగులు కాగానే తల తుంచాలి, లేకపోతే ఆకు నిచ్చెనకు గానీ అందదు.

విత్తులదొంతి
కుండలు మూడు కాదు, నాలుగు కొనున్రి. ఒకటి పలుగుతది.